బొట్టుబిళ్ళలు పెట్టిన పియానో

మొన్న ఆదివారం మా అమ్మాయికి కీబోర్డు నేర్పడానికి వచ్చే టీచరు, ఇరవై రెండేళ్ళు కూడా ఉండవేమో ఆ పిల్లకి, తన సంచిలోంచి ఒక చిన్న కవరు తీసి, అందులోని ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల గుండ్రటి స్టిక్కర్లను ఒక్కొక్కటే గోటితో ఊడదీసి తెల్లమీటల మీద అంటించడం మొదలుపెట్టింది. నేను పక్కనే సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "కొత్తలో పిల్లలకి ఈజీగా ఉంటుందండీ, తర్వాత తీసేయొచ్చు, మరక కూడా పడదు" అంది. మరక పడదట! కొత్త బొట్టుబిళ్ళల అట్ట విప్పగానే ఒక్క క్షణం ముక్కుకు తగిలే చవక జిగురు వాసన ఒకటి ఉంటుంది చూడండి, అదే వాసన వచ్చింది, నా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. పదేళ్ళ వయసులో నేను చేసిన పని ఒకటుంది. అప్పట్లో అమ్మకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. చెప్పుకోదగ్గదైతే కదా చెప్పడానికి.

తొంభైల చివర్లో మేము హఫీజ్‌పేట్‌లో, రైల్వేస్టేషన్‌కు కాస్త అవతల, రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నది ప్రభుత్వోద్యోగం, గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. అమ్మకు ఈ ఊరు ఒక పట్టాన నచ్చలేదు. నీళ్ళలో పప్పు ఉడకదని, గోంగూరలో పులుపు లేదని, ఎటు చూసినా బండలేనని రోజూ ఒకటే సణుగుడు. నాకు మాత్రం ఆ బండలే ప్రాణం. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోటంతా అప్పుడు పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానలు వెనకబట్టాక బతుకమ్మ కోసం ఆడవాళ్ళు ఒడిలో నింపుకుపోయే తంగేడు పూలు, చలి మొదలయ్యే వేళకి కళ్ళు విచ్చిన సీతాఫలాల గంపలు, ఆ గంపల చుట్టూ ముసిరే తేనెటీగలు, బడి వదిలాక రాతి పెచ్చును బిళ్ళగా చేసుకుని మట్టిలో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడే మేము. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద భవనమేదో కడుతున్నారని, దాంట్లో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటారని నాన్న చెప్పేవాడు. దాని చుట్టుపక్కల రోడ్ల కోసం మధ్యాహ్నాలు బండలు పేల్చేవాళ్ళు. ముందు ఈల, తర్వాత ఎర్రజెండా, తర్వాత కాళ్ళకింద నేల కదిలేది. సాయంత్రానికి ఊరంతా, మా రిబ్బన్లతో సహా, బూడిదరంగు దుమ్ము.

మా బడి కొండాపూర్ దారిలో ఉండేది. ఇంగ్లీషు మీడియం అనే కానీ సగం గదుల మీద రేకులే. ఆ బడికి తగని వస్తువు ఒక్కటే ఉండేది, ప్రార్థన హాల్లో ఒక మూల, నల్లగా, బీరువాకి సగం ఎత్తున నిలబడ్డ పాత పియానో. ఎవరో దేశం విడిచిపోతూ ఇచ్చిందట. ఏడాదికొకసారి వార్షికోత్సవానికి సికింద్రాబాద్ నుంచి ఎవరినో పిలిపించి వాయించేవాళ్ళు, మిగతా ఏడాదంతా దానిమీద దుప్పటి. బండలు పేలినప్పుడల్లా మూత వేసి ఉన్న ఆ పియానో లోపలి తీగలన్నీ కలిసి సన్నగా మూలిగేవి. మేము చెవులు మూసుకుని నవ్వేవాళ్ళం.

"నవ్వకుండ్రి. పెట్టె భయపడ్డది" అనేది ఆయమ్మ.

ఆయమ్మ పేరు రూతమ్మ. యాభై దాటిన మనిషి, పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఉతికిన తెల్లచీరలో, బోడి నుదురుతో, వెనక్కి లాగి ముడేసిన జుట్టుతో ఉండేది. పిల్లలందరూ వెళ్ళేదాకా బడిలో ఉండడం, హాలు ఊడ్చడం, పియానో దుమ్ము తుడవడం ఆమె పని. నాలుగింటికి బడి వదిలితే నాన్న స్కూటరు ఆరింటికి గానీ వచ్చేది కాదు. కాబట్టి రోజూ రెండు గంటలు ఆ బడిలో మేమిద్దరమే. ఒకనాడు హోంవర్కు ముగించి హాల్లోకి తొంగిచూస్తే, రూతమ్మ దుప్పటి తీసి, మూత ఎత్తి, గుడ్డతో తుడిచినట్టే తుడుస్తూ కుడిచేత్తో ఏదో వాయిస్తోంది. ఆ చీపురు పట్టే వేళ్ళు అంత మెత్తగా నడుస్తాయని నేనెరగను. గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? నేర్చుకుంటవా? జర చేతులు కడుక్కొని రా" అంది.

ఆమె మెదక్ వైపు మిషన్ హాస్టల్లో పెరిగిందట. అక్కడి దొరసానమ్మ నేర్పిందట. పెళ్ళయ్యాక ముప్పై ఏళ్ళు మళ్ళీ పియానో ముఖం చూడలేదు. "మా చర్చిల డోలక్ ఉంది గని పెట్టె లేదు. దవాఖానల పని ఇడిసిపెట్టి ఈడికొచ్చిన, ఇది ఉన్నదని తెలిసి. సాయంత్రం జరసేపు ముట్టుకుంటే ఇగ ఏ ఫికర్ ఉండదు నాకు" అని చెప్పింది. చెప్పి, ఎవరైనా విన్నారేమోనని కిటికీ వైపు చూసుకుంది. ఆమెకు ఆ బడిలో కావలసింది ఆ పియానో ఒక్కటేనని అప్పుడే, ఆ మొదటి రోజే నాకు తెలిసింది. తెలియక చేశానని తప్పుకోవడానికి నాకు వీల్లేదు.

ముందు మేజర్ స్కేలు. డో రే మీ ఫా అని ఆమె, సరిగమ అని నేను. "అది మన శంకరాభరణమే కదే" అంది అమ్మ ఇంట్లో నేను పాడి వినిపిస్తే. ఎనిమిది తెల్లమీటలు, ఐదే వేళ్ళు, అక్కడే ఉంది తిరకాసు. మొదటి మూడు మీటలకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అయిపోగానే, బొటనవేలు అరచేతి కిందుగా దూరి నాలుగో మీట అందుకోవాలి, అప్పుడుగానీ మిగతా వేళ్ళు సరిపోవు. నేను ప్రతిసారీ చెయ్యి మొత్తం ఎత్తి ధబీమని వేసేదాన్ని. "ఎగురుడు కాదు బిడ్డా, కిందికెల్లి దాటాలె. దొంగ లెక్క, సప్పుడు కావొద్దు" అని, నా చేతి వీపు మీద చింతగింజ పెట్టి, అది పడకుండా పై స దాకా పోయి రమ్మనేది. ఎన్ని చింతగింజలు ఆ పియానో కిందకి దొర్లాయో! వర్షాకాలం మొత్తం దానికే సరిపోయింది. ఇంట్లో పియానో ఎక్కడిది, సాధన చెయ్యడానికి? స్కూటరు మీద వెనక కూర్చుని నాన్న వీపు మీదే వాయించేదాన్ని. "ఏంటే తల్లీ, ఆ గోకుడు?" అని నాన్న నవ్వేవాడు. దసరా సెలవులు అయ్యాక ఒక సాయంత్రం చింతగింజ పడలేదు. రూతమ్మ ఆ గింజను తీసి కొంగుకు ముడేసుకుంది.

తర్వాత కార్డ్స్. ఒక మీట నొక్కి, ఒకటి వదిలి, ఒకటి నొక్కి, ఒకటి వదిలి, ఇంకొకటి నొక్కితే మూడూ కలిసి ఒక్కసారిగా మోగుతాయి. "మీ తొక్కుడుబిళ్ళనే ఇది. ఒక గడి తొక్కు, ఒక గడి ఇడువు" అంది. స, గ, ప కలిస్తే అది ఇల్లు. మ, ద, పై స కలిస్తే పక్కింటికి పోయినట్టు. ప, ని, పై రి కలిస్తే అంగడికి పోయినట్టు. అంగడికి పోయినవాళ్ళు ఇంటికి రాకుండా ఉండలేరు, విను, ఆ మూడూ ఎట్ల పిలుస్తున్నయో విను అని, అంగడి కార్డు నొక్కి ఆపేసి నా ముఖంలోకి చూసేది. నాకు ఊపిరాడేది కాదు. ఇంటి కార్డు నొక్కేదాకా ఇద్దరం కదిలేవాళ్ళం కాదు, నొక్కగానే ఇద్దరం నవ్వేవాళ్ళం. మూడు కార్డులు వస్తే పాటలన్నీ వస్తాయని ఆమె నమ్మకం.

క్రిస్మస్‌కు ఒక స్టీలు డబ్బా నిండా గరిజెలు తెచ్చి ఇచ్చింది, లోపల కొబ్బరి, బెల్లం, నువ్వులు, మూత తీస్తే యాలకుల ఘుమఘుమ. ఇంటికి తీసుకెళ్తే అమ్మ డబ్బా తెరిచి చూసి, ఎవరు ఇచ్చారని అడిగి, మా పనిమనిషి పిల్లలకు ఇచ్చేసింది. డబ్బా కడిగి తిరిగి ఇస్తూ "చాలా బాగున్నాయి ఆయమ్మా" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. అబద్ధం అంత తేలిగ్గా చెప్పడం నాకు అక్కడే అలవాటైంది.

సెలవులు, ఆ వెంటనే పరీక్షలు, మూడు వారాలు పియానో ముట్టుకోలేదు. మళ్ళీ కూర్చునేసరికి కార్డులన్నీ కలగాపులగం. ఏది నొక్కాలో, ఏది వదలాలో తెలియదు. ఇన్నాళ్ళ కష్టం పోయిందని ఆమె ముఖం చిన్నబోతుందని భయమేసింది, చదువులో ఫస్టొచ్చే పిల్లని కదా, రాదు అని చెప్పుకోవడానికి నామోషీ. మర్నాడు అమ్మ అద్దం సొరుగులోంచి బొట్టుబిళ్ళల అట్టలు మూడు తీసి పుస్తకంలో దాచుకున్నాను. సాయంత్రం రూతమ్మ నల్లాల దగ్గర ఉండగా నేను ముందే హాల్లోకి పోయి ఇంటి కార్డుకు ఎర్రవి, పక్కింటికి ఆకుపచ్చవి, అంగడికి మెరూన్‌వి అంటించాను. ఒకే మీట రెండు కార్డుల్లో ఉంటే రెండేసి బిళ్ళలు. చూడముచ్చటగా ఉంది కూడా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

రూతమ్మ చూసి కంగారుపడింది. "అయ్యో, ఇదేం పని బిడ్డా! మీటను కంటితోని కాదు, ఏలితోని ఎతుక్కోవాలె. తియ్యి, తియ్యి, మేడం చూస్తే పరేషాన్ అయితది" అంది. ఇద్దరం గోళ్ళతో గీకితే బిళ్ళలు సగం సగం చిరిగాయి, జిగురు మీటలకే పట్టుకుంది, దానిమీద బండల దుమ్ము. ఇంతలో బయట నాన్న స్కూటరు హారన్. "పో, రేపు కొబ్బరినూనె తెస్త" అని మూత దించింది. నేను పుస్తకాల సంచి తీసుకుని పరుగెత్తాను.

ఆ రేపే, పొద్దున్న తొమ్మిదింటికే, వార్షికోత్సవానికి పియానో వాయించే ఆయన సికింద్రాబాద్ నుంచి దాన్ని చూసుకోవడానికి వచ్చాడు. ప్రిన్సిపాల్ మేడం స్వయంగా మూత ఎత్తింది. అరగంటలో నన్ను హాలుకు పిలిపించారు, రోజూ ఆరుదాకా ఉండే పిల్లను నేనొక్కదాన్నే కాబట్టి. రూతమ్మ అప్పటికే గోడవారగా నిలబడి ఉంది, చేతిలో చిన్న కొబ్బరినూనె సీసా. మేడం ఆమెను ఏం అడిగిందో, ఆమె "తుడుస్తుంటనమ్మా" అని మాత్రం అంటోంది. నా పేరు చెప్పలేదు. చెప్పబోవడం లేదని కూడా నాకు అర్థమైంది.

సాయంత్రాలు ఈ పియానో ఎవరు ముట్టుకుంటున్నారని మేడం నన్ను ఇంగ్లీషులో అడిగింది. నేనూ ఇంగ్లీషులోనే జవాబిచ్చాను, రూతమ్మకు అర్థం కాదులే అనుకుని. దొరసాని దగ్గర పెరిగిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకున్నాను, అదొకటి. ఆయమ్మ వాయిస్తుంది అన్నాను. ఈ స్టిక్కర్లు ఎవరు అంటించారు అంటే, నాకు తెలియదు అన్నాను. మొదటిది నిజమే కదా, ఒక్కటే కదా అబద్ధం అని చాలా ఏళ్ళు నన్ను నేను సమర్థించుకున్నాను. ఆ నిజమే ఆమె కొంప ముంచింది. తుడవమన్న పియానోను వాయించిందని తేలిపోయాక, బిళ్ళల సంగతి ఇక వేరే విచారించనక్కర్లేకపోయింది.

ఇప్పటికీ నాకు కంటిమీద కునుకు లేకుండా చేసేది ఇంకొకటి. ఆ హాల్లో మేడం నుదుట బొట్టు ఉంది. పక్కన నిలబడ్డ మా క్లాస్ టీచరు నుదుట ఉంది. నా నుదుట, అదే అట్టలోంచి తీసిన ఎర్రబిళ్ళ, మీటల మీద ఉన్నవాటికి అచ్చం జోడీ, ఎదురుగా కనబడుతూనే ఉంది. లేనిది ఒక్క రూతమ్మకే. జన్మలో బొట్టు పెట్టుకోని మనిషి బొట్టుబిళ్ళలు ఎక్కడినుంచి తెస్తుంది, ఎందుకు తెస్తుంది? ఆమె ముఖంలోకి ఒక్కసారి చూస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోయేది. ఆమెవైపు ఎవరూ చూడలేదు. రూతమ్మ మాత్రం నా నుదుటివైపు ఒకసారి చూసి తలదించుకుంది.

రేపటినుంచి రానక్కర్లేదని, పోయేముందు ఆ మీటలు శుభ్రం చేసి పొమ్మని చెప్పారు. ఆ సాయంత్రం నేను హాల్లోకి పోలేదు, వరండా మెట్టు మీద కూర్చున్నాను. లోపల నూనెగుడ్డతో ఆమె ఒక్కో మీటా తుడుస్తుంటే ఒక్కో స్వరం మోగుతోంది, ఎడమచివరి నుంచి కుడిచివరి దాకా, తెల్లవీ నల్లవీ, నాకు నేర్పినవీ ఇంకా నేర్పనివీ. తొందర లేకుండా తుడిచింది. లేచి వెళ్ళి ఆమె కాళ్ళమీద పడాలనిపించింది, మేడం గది తలుపు కొట్టాలనిపించింది. అనిపించడానికేం, అన్నీ అనిపించాయి. మెట్టు మీదనుంచి లేవలేదు.

హారన్ మోగింది. రూతమ్మ రోజూలాగే నా సంచి పట్టుకుని గేటుదాకా వచ్చింది. చేతులనిండా కొబ్బరినూనె వాసన. తిడుతుందేమోనని బిగుసుకుపోయాను. "రేపటి సంది వేరేటామె ఉంటది. నాయిన వచ్చేదాంక గేటు దాటి ఒక్కదానివే పోకు, లారీలు మస్తు తిరుగుతున్నయ్" అంది.

"సరే" అన్నాను. అంతే అన్నాను.

ఇంట్లో అమ్మ సొరుగు వెతుక్కుంటోంది. బిళ్ళలేమయ్యాయే అంటే భోరుమన్నాను, అంతా చెప్పేశాను. అమ్మ మంచం మీద కూలబడి, "ఇప్పుడు చెప్తే నిన్ను అందరిముందూ నిలబెడతారు. నోరు మూసుకుని ఊరుకో, నాన్నకి కూడా చెప్పకు" అంది. నేను ఎదురుచూస్తున్నది కూడా ఆ మాటే, సిగ్గులేనిదాన్ని! వార్షికోత్సవానికి అమ్మ పట్టుచీర కట్టుకుని, ఎన్నడూ లేనిది, నుదుట బిళ్ళకు బదులు కుంకుమ పెట్టుకుని వచ్చింది. సికింద్రాబాద్ ఆయన ప్రార్థనగీతానికి వాయించినవి ఆ మూడు కార్డులే. పాటల వరుసలో నిలబడ్డ నా వేళ్ళు గౌను పక్కన వాటంతటవే కదిలాయి. అమ్మ చూసి తల తిప్పుకుంది.

వేసవిలో ఒకరోజు హఫీజ్‌పేట్ రైల్వేగేటు దగ్గర స్కూటరు ఆగింది. గేటు పడి ఉంది. పక్కనుంచి ఎవరో "బిడ్డా" అన్నారు. రూతమ్మ. నెత్తిమీద సిమెంటు అంటిన తట్ట, తెల్లచీర మోకాళ్ళదాకా దుమ్ము. ఎక్కడో కట్టుబడి పనికి పోతోందన్నమాట. నేను నాన్న వీపు వెనక్కి, వర్షాకాలం మొత్తం నేను స్కేలు వాయించిన ఆ వీపు వెనక్కే, ముఖం దాచుకున్నాను.

"ఎవరమ్మా?" అన్నాడు నాన్న.

"మా స్కూల్లో ఆయమ్మ."

రూతమ్మ వింది. "ఔ సార్, ఆయమ్మనే" అంది నాన్నతో. రైలు వచ్చింది, పోయింది, గేటు లేచింది. మళ్ళీ ఆమెను చూడలేదు. ఆమె ఇల్లు మా ఇంటికి పట్టాల అవతల పావుగంట నడక. ఇంకో నాలుగేళ్ళు మేము ఆ ఇంట్లోనే ఉన్నాం, ఒక్కసారి నడవలేదు.

ఇప్పుడు ఖాజాగూడ చెరువు దగ్గర పద్నాలుగో అంతస్తులో ఉంటున్నాం. మా బాల్కనీలోంచి ఇంకా కొన్ని గుండ్లు కనిపిస్తాయి, రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఆ బడి లేదు, దాని జాగాలో అద్దాల ఆఫీసు, కింద కాఫీ షాపు. పియానో ఏమైందో అడిగినా చెప్పేవాళ్ళు లేరు. పట్టాల అవతలి ఇళ్ళూ లేవు. ఎక్కడికని వెళ్ళి వెతకను, వెతికితే మాత్రం ఏ ముఖం పెట్టుకుని నిలబడను?

టీచరు స్టిక్కర్లన్నీ అంటించేసి, నేను అటే చూస్తుండడం గమనించి, "మీక్కూడా వచ్చాండీ?" అంది. కాయలు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని వెళ్ళి, స్కేలు వాయించాను. బొటనవేలు కిందుగా, చప్పుడు లేకుండా దాటింది. ఎవరు నేర్పారండీ అని అడిగింది. "రూతమ్మగారని, మా టీచరు" అన్నాను. ఆ పేరుకు గారు చేర్చడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

"ఆవిడ కూడా నీకు స్టిక్కర్లు పెట్టారా అమ్మా?" అంది మా అమ్మాయి.

"లేదు. ఆమె పెట్టలేదు" అన్నాను. "నేను పెట్టాను. నేనే పెట్టాను."

మా అమ్మాయి ఇంకేదో వస్తుందేమోనని ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "అంతేనా?" అంది.

అంతే.